కన్నతండ్రి జాడ లేదు, పెంచుతున్న తండ్రికి దత్తత ఎలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నా మొదటి పెళ్ళిలో పుట్టిన పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పాపకు ఏడాది నిండకముందే వాళ్ళ నాన్న దుబాయ్ వెళ్ళాడు. కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు, డబ్బులు పంపాడు, తర్వాత రెండూ ఆగిపోయాయి. నేను కోర్టుకు వెళ్ళి విడాకులు తీసుకున్నాను. ఆయన రాలేదు, ఆయన లేకుండానే కోర్టు తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) ఇచ్చింది. ఆ తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. పాప ఇప్పటి మా ఆయన్నే నాన్నా అని పిలుస్తుంది. మాకు ఎనిమిది నెలల చిన్నపాప కూడా ఉంది. పెద్దపాపను చట్టప్రకారం దత్తత తీసుకుంటానని మా ఆయన అంటున్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటర్ దత్తత పత్రం రాసి రిజిస్టర్ చేయిస్తే చాలన్నాడు. పాత అత్తింటివాళ్ళను అడిగితే కొడుకు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు కానీ అడ్రసు తమకూ తెలీదంటారు. సంతకం కావాలంటే మూడు లక్షలు ఇవ్వాలని ఒకసారి కబురు పంపారు. వాళ్ళకు తాతముత్తాతల నాటి పొలం ఉంది, ఇంకా పంచుకోలేదు. మేం ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ దత్తత పత్రం సంగతి ఆపండి. దాని మీద మీరు గానీ, మీ ఆయన గానీ సంతకం పెట్టకండి. రిజిస్టర్ అయితే అవుతుంది. సబ్ రిజిస్ట్రార్ పని పత్రాన్ని నమోదు చేయడమే, ఆ దత్తత చెల్లుతుందా లేదా అని తేల్చడం కాదు. చెల్లదన్న సంగతి పదేళ్ళ తర్వాత, ఆస్తి దగ్గరో ఉద్యోగం దగ్గరో ఎవరో ప్రశ్నించినప్పుడు బయటపడుతుంది. అప్పటికి పాపకు దత్తత వయసు దాటిపోయి ఉంటుంది.

ఎందుకు చెల్లదో చెబుతాను. డాక్యుమెంట్ రైటర్ చెబుతున్నది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి (పోషణ ఖర్చు) చట్టం దారి. మీ విషయంలో అక్కడ రెండు అడ్డంకులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే, తండ్రి సమ్మతి. 2010 సవరణ తర్వాత బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లికీ తండ్రితో సమానంగా వచ్చింది. కానీ ఒకరు ఇచ్చేటప్పుడు రెండోవారి సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి అక్కర్లేని సందర్భాలు సెక్షన్ 9లో మూడే: పూర్తిగా సన్యసించడం, హిందూమతం విడిచిపెట్టడం, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించడం. భార్యనూ బిడ్డనూ వదిలేసి పోవడం ఈ మూడింటిలో లేదు. విడాకులు తీసుకున్నా అతను పాపకు తండ్రి కాకుండా పోడు.

రెండో అడ్డంకిని చాలామంది గమనించరు. ఆ చట్టం సెక్షన్ 11 ప్రకారం ఆడపిల్లను దత్తత తీసుకునే వ్యక్తికి అప్పటికే బతికున్న కూతురు ఉండకూడదు. మీ చిన్నపాప పుట్టిన రోజునే మీ ఆయనకు ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు కన్నతండ్రి వచ్చి సంతకం పెట్టినా ఈ చట్టం కింద దత్తత చెల్లదు. చెల్లని దత్తత వల్ల కొత్త ఇంట్లో హక్కులు రావు.

మీకు మిగిలిన దారి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే బాలల న్యాయ చట్టం. దాని కింద 2022లో వచ్చిన దత్తత నిబంధనల్లో మారుతండ్రి, మారుతల్లి దత్తతకు విడిగా పద్ధతి ఉంది. ఈ చట్టానికి మతంతో పని లేదు. అన్ని మతాలవాళ్ళూ దత్తతకు ఈ దారి వాడుకోవచ్చని, దీనికి ముందున్న 2000 నాటి చట్టం మీద సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ముందే కూతురు ఉండటం ఇక్కడ అడ్డు కాదు. బయటి పిల్లలను దత్తత తీసుకునే దంపతులకు వయసు పరిమితులు, రెండేళ్ళ స్థిరమైన దాంపత్యం వంటి షరతులు ఉంటాయి, అవి మారుతండ్రి దత్తతకు వర్తించవు. ఇంతకు ముందు కోర్టు ఇచ్చే దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

అయితే ఇక్కడా కన్నతండ్రి సమ్మతి పత్రం అడుగుతారు. ఇలాంటి ఫైళ్ళు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. దత్తత దరఖాస్తు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో వివరాలు నింపేసి, అడిగినప్పుడు చూద్దాం అనుకుంటే నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. మీరు ముందు తండ్రి సమ్మతి ముడి విప్పుకోండి, దత్తత దరఖాస్తు ఆ తర్వాత.

మూడు లక్షల మాటకు ఇప్పుడే జవాబు చెప్పేస్తాను. ఇవ్వకండి. దత్తతకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండు చట్టాల్లోనూ నిషేధం. దత్తత కోసం ఎవరూ డబ్బు ఇవ్వలేదు, తీసుకోలేదు అని నమ్మకం కుదిరాకే ఉత్తర్వు ఇవ్వాలని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 61 చెబుతుంది. రేపు అతనే ఆ లావాదేవీని చూపించి దత్తతను సవాలు చేయవచ్చు. "పాత మనోవర్తి బాకీ వదిలేస్తాం, సంతకం పెట్టు" అనడం కూడా దాదాపు అలాంటిదే, ఆ రెండింటినీ కలపకండి. డబ్బు అడిగిన కబురు వాట్సాప్‌లో ఉంటే చెరిపేయకుండా దాచండి. అతనికి బిడ్డ గురించి ఎంత పట్టింపు ఉందో కోర్టుకు అదే చెబుతుంది.

ఇక అతన్ని వెతకడం. నిజంగా దొరుకుతాడని కాకపోయినా, వెతికారని రుజువు చూపించడానికైనా ఇది చెయ్యాలి. అతని పాస్‌పోర్టు నంబరు మీ పాత కాగితాల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఆ నంబరుతో, చివరగా పనిచేసిన కంపెనీ పేరుతో ఫిర్యాదు నమోదు చేయండి. అది దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కు వెళుతుంది. జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఫిర్యాదు నంబరు మీకు సాక్ష్యమే. అతని చివరి అడ్రసుకూ, తల్లిదండ్రుల ఇంటికీ లాయరు చేత నోటీసు పంపించండి. డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి. తిరిగొచ్చిన కవరును విప్పకండి. పోస్ట్‌మన్ దాని మీద రాసిన మాటా తేదీ అలాగే ఉండాలి.

ఒకవేళ దొరికి, ఒప్పుకుంటే పని సులువే. నిర్ణీత నమూనాలో సమ్మతి పత్రం మీద అతను దుబాయ్ కాన్సులేట్‌లో అధికారి ముందు సంతకం చేసి, అటెస్టేషన్ చేయించి పంపాలి. తెల్లకాగితం మీద సంతకం ఫొటో తీసి పంపితే పనికిరాదు.

ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టే లెక్క అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చట్టంలో ఆ మాట ఉంది, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగింది. కానీ మనిషి బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్ళకు ఏడేళ్ళుగా తెలియకపోవాలి. తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తున్న మనిషికి ఇది వర్తించదు. కాబట్టి ఏడేళ్ళ కోసం ఎదురుచూడటం మీకు దండగ.

అతను దొరక్కపోతే, లేదా దొరికీ మొండికేస్తే, వెళ్ళాల్సింది ఫ్యామిలీ కోర్టుకు. అది లేని చోట జిల్లా కోర్టు. మైనర్ల సంరక్షకుల గురించిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పాప మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. మీ విడాకుల డిక్రీ తీసి చదవండి. ఎక్స్‌పార్టీ డిక్రీల్లో చాలావాటిలో వివాహం రద్దయిందని ఒక్క వాక్యమే ఉంటుంది, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ఊసే ఉండదు. మీదీ అలాంటిదైతే ఈ పిటిషన్ మరింత అవసరం. ఎందుకంటే కస్టడీ తేల్చకుండా వదిలేస్తే తర్వాత అతను కేసు వేయవచ్చు, అలాంటి కేసు నడుస్తుంటే అది తేలేవరకూ దత్తత ప్రక్రియ మొదలు కాదు.

పిటిషన్‌లో కస్టడీ ఒక్కటే అడిగి ఊరుకోకండి. మూడు సంగతులు విడివిడిగా రాయించండి. పాపకు మీరొక్కరే సంరక్షకురాలని ప్రకటించాలి. తండ్రి ఫలానా తేదీ నుంచి బిడ్డను పూర్తిగా వదిలేశాడని తేల్చాలి. మారుతండ్రి దత్తత కోసం సమ్మతి పత్రం మీద మీరు ఒంటరిగా సంతకం చేయడానికి అనుమతించాలి. మూడోది లేక రెండోసారి కోర్టు మెట్లెక్కినవాళ్ళున్నారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీకు బలం: తండ్రి బిడ్డ బాగోగులకు దూరంగా ఉన్నప్పుడు, అతను బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు అవుతుంది. అయితే నిజం దాచకూడదు. వదిలేసి వెళ్ళిన తండ్రి సమ్మతి అక్కర్లేదని దత్తత నిబంధనల్లో నేరుగా రాసిలేదు. అందుకే జడ్జి ముందు పెట్టే సాక్ష్యం మీదే అంతా ఆధారపడుతుంది.

2022 జులై 28న జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ఇచ్చిన తీర్పును మీకు చాలామంది చూపిస్తారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన కేసు అది. తల్లి తన బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు, దత్తతకూ ఇవ్వవచ్చు అని అందులో తేల్చారు. రికార్డుల్లో అతన్ని మారుతండ్రి అని రాయమన్న హైకోర్టు ఆదేశం బిడ్డ మనసుకు క్రూరమైనదని కూడా అన్నారు. చాలా మంచి తీర్పు. కానీ అక్కడ కన్నతండ్రి చనిపోయాడు, తల్లి ఒక్కతే సంరక్షకురాలు. మీ కేసులో తండ్రి బతికున్నాడు. మీ లాయరు ఆ తీర్పును ఆసరాగా వాడుకోవచ్చు, దాని మీదే భారం వేస్తే కష్టం.

సాక్ష్యమంటే ఏమిటి? బాలవాడి నుంచి ఇప్పటిదాకా స్కూలు ఫీజు రశీదులు, టీకాల కార్డు, ఆసుపత్రి బిల్లులు: ఖర్చంతా ఎవరు పెట్టారో అవి చెబుతాయి. అతని దగ్గర నుంచి చివరగా డబ్బు వచ్చిన తేదీ కనిపించే మీ బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే అతను బిడ్డను వదిలేసిన రోజుకు తేదీ కట్టేది అదే. క్లాస్ టీచరు గానీ, అంగన్‌వాడీ టీచరు గానీ సాక్ష్యం చెబితే మంచిది. వాట్సాప్ సంభాషణలను ప్రింట్ తీసి ఇస్తే సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతపరచాలి. ఆ ఫోన్‌ను అమ్మేయకండి, మార్చేయకండి.

అతనికి నోటీసు ఎలా అందిందన్నది ఈ కేసులో చాలా ముఖ్యం. మామూలు సమన్లు తిరిగొచ్చాక, కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ఇవ్వాలి. ప్రకటన అతను చివరగా నివసించిన ప్రాంతంలో జనం చదివే పత్రికలో రావాలి. ఖర్చు తగ్గుతుందని ఎవరూ చూడని చిన్న పత్రికలో వేయిస్తే రేపు అతను వచ్చి, నాకు సమన్లే అందలేదని ఎక్స్‌పార్టీ ఉత్తర్వును రద్దు చేయమంటాడు. అలా అడగడానికి అతనికి గడువు 30 రోజులే. కానీ సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులూ అతనికి విషయం తెలిసిన నాటి నుంచి లెక్క. అతని తల్లిదండ్రులనూ పిటిషన్‌లో ప్రతివాదులుగా చేర్చమని లాయరును అడగండి. వాళ్ళకు నోటీసు అందితే, కొడుకుకు తెలియదన్న వాదన బలహీనపడుతుంది.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు చేతికొచ్చాక దత్తత పని. సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకోండి. కేంద్ర దత్తత సంస్థ కారా నడిపే కేరింగ్స్ పోర్టల్‌లో మారుతండ్రి దత్తత విభాగం కింద మీరిద్దరూ కలిసి దంపతులుగా నమోదు చేసుకోవాలి. మామూలు దత్తత విభాగంలో నమోదు చేసుకుంటే పిల్లల కోసం ఎదురుచూసేవాళ్ళ వరుసలో పడతారు, ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. మీ పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, విడాకుల డిక్రీ, పాప జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి పుట్టినతేదీ, నివాసం, ఆదాయం రుజువులు, పాన్ కార్డులు, డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రాలు, కుటుంబ ఫొటో, సమ్మతి పత్రాలు, వాటితో కోర్టు ఉత్తర్వు స్కాన్ చేసి పెట్టాలి. విడాకుల డిక్రీ తేదీ, మీ రెండో పెళ్ళి తేదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. డిక్రీకి ముందే పెళ్ళి జరిగి ఉంటే ఆ పెళ్ళే చెల్లదు, అప్పుడు మీ ఆయన చట్టం దృష్టిలో మారుతండ్రి కూడా కారు. మీరు చెప్పిన వరుసను బట్టి మీకు ఆ ఇబ్బంది లేదు, అయినా తేదీలు చూడండి. పేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఒకటి, డిక్రీలో ఒకటి ఉంటే నమోదుకు ముందే సరిచేయించండి.

కాగితాలను జిల్లా బాలల పరిరక్షణ విభాగం పరిశీలిస్తుంది. మన దగ్గర అది మహిళా శిశు సంక్షేమ శాఖ కింద ఉంటుంది. కారా నుంచి ముందస్తు ఆమోద లేఖ వచ్చాక దరఖాస్తు కలెక్టరు ముందుకు వెళుతుంది. విచారణ గోప్యంగా జరుగుతుంది, దరఖాస్తు వేసిన రెండు నెలల్లో తేల్చాలని చట్టం గడువు పెట్టింది. తండ్రి సంతకం లేదన్న ఒక్క కారణంతో ఎక్కడైనా తిప్పి పంపితే, నోటిమాటతో వెనక్కి రాకండి, కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం ఉంటే హైకోర్టులో రిట్ వేయడం తేలిక.

పాప మాట కూడా వింటారు, ఆమె వయసును బట్టి దానికి విలువ ఇస్తారు. అందుకే, తనకు జన్మనిచ్చిన తండ్రి వేరే ఉన్నాడన్న సంగతి పాపకు ఇంకా చెప్పి ఉండకపోతే, ఇప్పుడే చెప్పండి. అధికారి గదిలోనో, పాత నానమ్మ నోటి నుంచో మొదటిసారి వినకూడదు. అతన్ని తిట్టకుండా, పొగడకుండా, జరిగింది చిన్న మాటల్లో చెప్పండి. మీ ఆయన కూడా పక్కన ఉంటే మంచిది. "నువ్వు మా ఇద్దరి బిడ్డవే, ఆ సంగతి కాగితం మీద కూడా రాయిస్తున్నాం" అంటే తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

ఇక పొలం. దీన్ని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు కానీ, ఇది పెద్ద విషయం. దత్తత ఉత్తర్వుతో పాపకు కన్నతండ్రి కుటుంబంతో ఉన్న చట్టబంధం తెగిపోతుంది. అప్పటికే పాపకు దఖలుపడిన (హక్కుగా సంక్రమించిన) ఆస్తి మాత్రం పాపకే ఉంటుంది. తాతముత్తాతల ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఉంది కదా, అది దఖలుపడినట్టా కాదా? ఉమ్మడి వాటా దత్తత తర్వాతా నిలుస్తుందని పూర్వపు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1981లో అన్నది. హిందూ దత్తత చట్టం మీద 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ దాన్ని మార్చింది: దత్తతకు ముందే పంపకం జరిగి వాటా చేతికొస్తే తప్ప నిలవదు అని చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టంలోని మాటలూ దాదాపు అవే. అంటే ఆ పొలం నిజంగా పిత్రార్జితమైతే, పంపకం కాకుండా దత్తత చేస్తే పాప వాటా పోయే ప్రమాదం గట్టిగా ఉంది. మైనరు తరఫున తల్లి పంపకం దావా వేయవచ్చు. అయితే దావా వేస్తే ఏళ్ళు పడుతుంది, అవతలివాళ్ళు దత్తతకూ అడ్డం పడవచ్చు. పొలం తాత సొంతంగా కొన్నదైతే ఆయన బతికుండగా పాపకు అందులో హక్కే లేదు, ఈ తర్జనభర్జన అక్కర్లేదు. కాబట్టి ముందు పాత పహాణీలు (పొలం రికార్డులు) తీయించి అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూడండి. వాటా చిన్నదై, పాపకు తండ్రి పేరు ముఖ్యమనిపిస్తే వదులుకోవడమూ ఒక నిర్ణయమే. కానీ తెలిసి వదులుకోవాలి.

అలాగే దత్తత తర్వాత కన్నతండ్రి నుంచి పాప మనోవర్తి ముందుకు సాగదు. మీ ఆయనకూ ఒక మాట చెప్పాలి: దత్తత వెనక్కి తీసుకునేది కాదు. మీ ఇద్దరి మధ్య రేపు ఏం జరిగినా ఆయన పాపకు తండ్రే, చిన్నపాపతో సమానంగా వాటా ఇవ్వాలి. ఆయన తల్లిదండ్రులకూ ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇదంతా ముగియడానికి సమయం పడుతుంది, ఈలోగా పాపకు రక్షణ ఏమిటి? మొట్టమొదట మీ ఆయన చేత వీలునామా రాయించండి. దత్తత కాని మారుకూతురు హిందూ వారసత్వ చట్టంలో వారసురాలు కాదు, ఆయనకు ఏదైనా జరిగితే పాపకు ఏమీ రాదు. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. పాపకు పాస్‌పోర్టు కావాలంటే తండ్రి సంతకం లేదని ఆగక్కర్లేదు. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం దరఖాస్తులో ఒక్కరి పేరు చాలు, తల్లిదండ్రుల్లో రెండోవారి సమ్మతి లేనప్పుడు ఇచ్చే డిక్లరేషన్ అనుబంధం సి.

బడిలో, ఆధార్‌లో అఫిడవిట్ ఇచ్చి తండ్రి పేరు మార్చే ప్రయత్నం మాత్రం ఇప్పుడు చేయకండి. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు ఉంటే కలెక్టరు ముందు మీరే సంజాయిషీ చెప్పుకోవాలి. ఉత్తర్వు వచ్చాక మొదట జనన ధ్రువపత్రం మార్పించండి, ఆ తర్వాత ఆధార్, చివరగా బడి. పదో తరగతి మెమోలో పడే పేర్లు బడి పంపే నామినల్ రోల్స్ (విద్యార్థుల జాబితా) నుంచే వస్తాయి, మెమో అచ్చయ్యాక సవరించడం చాలా కష్టం. పాపకు తొమ్మిదేళ్ళే కాబట్టి మీకు ఇంకా నాలుగైదేళ్ళ వ్యవధి ఉంది. ఫ్యామిలీ కోర్టు పిటిషన్ ఈ ఏడాదే వేస్తే ఆ లోపు అన్నీ సర్దుకుంటాయి.